ఏడు సెప్టెంబర్లు

ఇంకో గంట పట్టేట్టుందని చెప్పి ఆ నర్సు పిల్ల వెళ్ళిపోయింది. నాకంటే ముందు లోపలికి వెళ్ళిన మనిషి పని ఇంకా తెమల్లేదట. పేగు లోపలి పని అలాగే ఉంటుంది, ఒక్కో మచ్చ ఇట్టే ఊడివస్తుంది, ఒక్కోటి మొండికేసి కూర్చుంటుంది అని నిన్న డాక్టర్ ఆస్గర్ చెప్పనే చెప్పాడు. చక్రాల మంచం మీద ఎడమవైపు తిరిగి పడుకున్నాను. కోపెన్‌హాగన్‌లో ఈ ఆసుపత్రి కిటికీలోంచి మే నెల ఎండ నిండుగా పడుతోంది, మా ఫారో దీవుల్లో వేసవంతా పోగేసినా ఇంత రాదు. రెండు రోజులుగా కడుపులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఈసారి నిజంగానే లేవు. పేగు కడిగే మందు ఈసారి నిజంగానే తాగాను, ఒక్క చుక్క వదలకుండా, ముక్కు మూసుకుని, ఉప్పునీళ్ళలో నిమ్మతొక్క నానబెట్టినట్టుండే ఆ రుచిని ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూశాను. పక్కన కుర్చీలో నా కూతురు సున్వా ఫోన్ మీద రెండు బొటనవేళ్ళతో టకటకా కొడుతోంది. మా ఆయన ఉత్తరాన రష్యా వైపు సముద్రంలో చేపలు పట్టే ట్రాలర్ మీద ఉన్నాడు, ఇంకో మూడు వారాలకు గాని రాడు, అందుకని నాకు తోడుగా అది వచ్చింది. అది రాస్తున్నది ఒక ఫిర్యాదు. మా ఊరి మనిషి, మా దీవుల ఆసుపత్రిలో ఈ పేగు పరీక్షల గదిలో నర్సు, మర్యున్ మీద.

“అమ్మా, పోయిన సెప్టెంబర్‌లో ఏ తారీఖది? పదకొండా, పన్నెండా?”

“గుర్తులేదే.”

“సరేలే, వాళ్ళ దగ్గరే ఉంటుంది. మూడు సెంటీమీటర్ల మచ్చమ్మా! ఏడాదిలో మొలిచేది కాదని ఆస్గర్ చెప్పాడుగా. అంటే పోయినేడూ ఉంది, అంతకు ముందేడూ ఉంది. వీళ్ళు కళ్ళెక్కడ పెట్టుకుని చూశారు? ఆ మర్యున్ పక్కన నిలబడి ఏం చేస్తోందట, మేజోళ్ళు అల్లుకుంటోందా?”

“అంత మాట అనకే.”

“నువ్వు వెనకేసుకొస్తావులే. మీ అల్లిక జట్టు కదా.”

తేలు కుట్టిన దొంగలా దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాను. తారీఖు గుర్తులేకపోవడమేమిటి, పదకొండు, గురువారం, పొద్దుటినుంచీ సన్నగా వాన. ఆ రోజు నా కడుపులోకి ఎవరూ చూడలేదు. సున్వా నన్ను మా దీవుల రాజధాని తోర్స్‌హౌన్‌లో ఆసుపత్రి మెట్ల దగ్గర దింపి, ముద్దు పెట్టి, తన చిన్నపిల్లల బడికి పనికి వెళ్ళిపోయింది. కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి చెయ్యి ఊపాను. ఆ తర్వాత కొండ ఎక్కి ఈత కొలను పక్కన ఉన్న కాఫీ కొట్టుకు వెళ్ళి, కిటికీకి దూరంగా కూర్చుని, పుల్లటి రేవల్చిన్ని కాడల జామ్ వేసిన వాఫిల్ తిన్నాను. అవును, తిన్నాను. ముందు రోజంతా ఇంట్లోవాళ్ళ ముందు పస్తున్న దాన్ని, ఆకలేసింది. మూడు గంటలు గడిపి, మొహం కాస్త వాడిపోయినట్టు పెట్టుకుని మెట్ల దగ్గరికి తిరిగొచ్చాను. అది కారు తలుపు తీసి పట్టుకుంది, నడుం కింద దిండు పెట్టింది. ఎలా అయిందమ్మా అంటే, అంతా శుభ్రంగా ఉందన్నారే అన్నాను. నా కూతురు సంతోషంతో స్టీరింగ్ మీద దరువేసింది. అలాంటి సెప్టెంబర్లు ఏడు. మొదటిదానికి ఏదో ఒక సాకు చెప్పుకోవచ్చేమో, మిగతా ఆరింటికీ లేదు.

నటన కూడా బాగా చేసేదాన్ని. పరీక్ష ముందు రోజు మా ఆయన ముందు ఉత్త గంజినీళ్ళ లాంటి సూపు తాగడం, సాయంత్రం మందు సీసాలు పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకోవడం, సింకులో పోసి కుళాయి తిప్పడం, ఆ తర్వాత కమోడ్ మూత మీద కూర్చుని ఊలు తీసి అల్లుకోవడం, పావుగంటకోసారి గొలుసు లాగడం. పొద్దుపోయేలోపు ఒక మేజోడు మడమదాకా వచ్చేది. మా దగ్గర తలుపు తట్టడమనేది లేదు, ఎవరి ఇంట్లోకి ఎవరైనా వచ్చేసి వంటింట్లో కాఫీ వాళ్ళే పోసుకుంటారు. ఏదీ యోహిల్ద్ అని అడిగే గొంతు వినిపించేది, లోపల ఉంది, రేపు పరీక్ష అని మా ఆయన చెప్పేవాడు, అయ్యో పాపం అనే మాట నా దాకా వచ్చేది. ఆ జాలి వినిపించగానే చేతిలో సూదులు ఆగిపోయేవి. సిగ్గేసేది. ఒక నిమిషం సిగ్గుపడి మళ్ళీ గొలుసు లాగేదాన్ని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అంటారే, పిల్లి నయం, దానికి పాలైనా దక్కుతాయి.

ప్రపంచంలో ఇంకెక్కడా ఇంతమందికి లేదట ఈ పేగుపూత జబ్బు, మా దీవుల్లో ఉన్నంత. డాక్టర్లు వచ్చి మా రక్తం సీసాల్లో పట్టుకుపోతారు, తిమింగలం మాంసం వల్లనా, వాన వల్లనా, అందరం ఎక్కడో ఒకచోట చుట్టాలమే కావడం వల్లనా అని తలలు బద్దలు కొట్టుకుంటారు. మా అల్లిక జట్టులో ఎనిమిది మందిమి ఉంటే అందులో ఇద్దరికి ఉంది. ఇంటింటా ఉన్న జబ్బుకి సిగ్గెందుకే అని మా అమ్మ అనేది. ఇంటింటా మరుగుదొడ్డి కూడా ఉంది, తలుపు తీసుకుని కూర్చుంటామా? అయినా నా సిగ్గు జబ్బు గురించి కాదు, ఆ సంగతి నాకు తెలుసు. సున్వాకు పదిహేనో ఏట ఇదే జబ్బు బయటపడ్డప్పుడు, తరగతిలో ఎవరికైనా చెప్పాలా అమ్మా అని ఏడిస్తే, చెప్పు, సిగ్గెందుకు అని నేనే అన్నాను. గడ్డం పట్టుకుని మరీ అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు ఈ మంచం కింద దూరాలనిపిస్తోంది.

నా సిగ్గు పెద్దనాన్న కొడుకు పెళ్ళిలో పుట్టింది. నాకు ఇరవై ఆరు, సున్వా ఏడాది పిల్ల, ఆ రాత్రి అమ్మ దగ్గర నిద్రపోతోంది. నాకింకా జబ్బు పేరు తెలియదు, ఏదో తిన్నది పడటం లేదనుకునేదాన్ని. ఊరి హాలులో మా గొలుసు ఆట మొదలైంది, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, ఎడమకు రెండడుగులు, కుడికి ఒకటి, వాద్యాలు లేవు, పాటా, చెక్కనేల మీద రెండొందల కాళ్ళ చప్పుడూ, అంతే. ఆ పాటలు నూరేసి చరణాలు. మధ్యలో వలయం తెంచుకుని వెళ్ళడం పద్ధతి కాదు, ముసలివాళ్ళు కూడా వెళ్ళరు. నలభయ్యో చరణం దగ్గర కడుపులో మెలి తిరిగింది. ఆపుకోగలననుకున్నాను. కుడిచేతిలో పెళ్ళికూతురి తాత చెయ్యి, ఎడమచేతిలో మర్యున్ చెయ్యి, ఇద్దరం బడిలో ఒకే బల్ల. అరవై చరణాలు ఇంకా ఉన్నాయి అని లెక్కపెట్టుకుంటున్నాను, యాభై ఎనిమిది, యాభై ఏడు, అంతలోనే నా వల్ల కాలేదు. పండగ బట్టలు, అమ్మ ఇచ్చిన వెండి గుండీల రవిక, ఎర్రచారల పావడా. కాలి వెంట వెచ్చగా దిగింది. నెత్తుటి వాసన నాకు తెలుసు, చేపల ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని, ఇంకో వాసన అందరికీ తెలుసు. కాళ్ళు ఆగలేదు, అదే విడ్డూరం, ఎడమకు రెండు, కుడికి ఒకటి, నా వెనక నేల మీద గుర్తులు పెట్టుకుంటూ ఇంకో చరణం ఆడాను.

మర్యున్ నా మొహం చూడలేదు. తన శాలువా తీసి నా నడుముకు కట్టి, నన్ను వలయంలోంచి లాగేసింది. మేం వదిలిన చోటు వెంటనే మూసుకుపోయింది, తాత చెయ్యి ఇంకెవరో అందుకున్నారు, పాట ఒక్క అక్షరం తప్పలేదు. వెనక గదిలో వేడినీళ్ళ బకెట్ పెట్టి, పసిపిల్లను కడిగినట్టు నన్ను కడిగింది, తన లోపలి పావడా విప్పి నాకు కట్టింది. తర్వాత వెళ్ళి నేల తుడిచింది, ఆట ఆడుతున్నవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి. ఆ మాట ఈ రోజుకీ ఆమె నోటి నుంచి రాలేదు. మా ఊళ్ళో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు, మర్యున్ నోట్లో పాతికేళ్ళుగా నానుతోంది. మనిషన్నవాడు ఏం చెయ్యాలి, ఆమెను నెత్తిన పెట్టుకోవాలి. నేను ఆమె కళ్ళలోకి చూడటం మానేశాను. బుధవారం బుధవారం ఎవరో ఒకరి ఇంట్లో అల్లిక, ఆరబెట్టిన గొర్రెమాంసం, కేకులు, కబుర్లు, ఆమె ఈ చివర కూర్చుంటే నేను ఆ చివర. ఇంకెవరైనా ఫర్వాలేదు, నన్ను ఆ స్థితిలో ఒకసారి చూసిన మనిషి ఇంకోసారి చూడకూడదు. అంత చిన్న విషయం. ప్రాణం మీదికి తెచ్చుకున్నది ఇంత చిన్న విషయానికి.

జబ్బు ఎనిమిదేళ్ళు దాటితే ఏటా పేగు చూపించుకోవాలి, మానిన పుండ్ల మీదే క్యాన్సర్‌గా మారే చెడ్డ మచ్చలు మొలుస్తాయి కాబట్టి. మొదట్లో బుద్ధిగా వెళ్ళేదాన్ని. దక్షిణ దీవి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది నర్సుగా, నేనెవరో ఆమెకు తెలియదు, హాయిగా ఉండేది. ఆమె పని మానేసింది. ఆ సెప్టెంబర్‌లో మందంతా తాగి, ఖాళీ కడుపుతో వెళ్ళి కూర్చున్నాను, తలుపు తెరుచుకుంది, కాగితం పట్టుకుని మర్యున్. పిల్లల వార్డు నుంచి ఇటు మార్చారట. ఎవరినో పిలిచి, నన్ను చూసి నవ్వి, “తర్వాత నువ్వే యోహిల్ద్,” అంది. లేచి, మరుగుదొడ్డికన్నట్టు వెళ్ళి, మెట్లు దిగి, వానలోకి వచ్చేశాను. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి ఫోన్ చేసి, మా చెల్లెలు డెన్మార్క్‌లో ఉంటుంది, ఇకనుంచి అక్కడే చేయించుకుంటానని చెప్పాను. ఇంట్లోనేమో ఇక్కడే చేయించుకున్నానన్నాను. రెండు వైపులా రెండు అబద్ధాలు, మధ్యలో సముద్రం, ఎవరు కలిపి చూస్తారు?

కలిపి చూసింది మర్యున్ ఒక్కతే. మూడేళ్ళ క్రితం అల్లిక అయ్యాక కోట్లు తగిలించే చోట ఇద్దరమే మిగిలాం. డెన్మార్క్‌లో బాగా చూస్తున్నారా అంది. బాగా అన్నాను. ప్రతి ఏడూ వెళ్తున్నావా అంది. ప్రతి ఏడూ అన్నాను. ఆమె బూట్ల లేసులు కట్టుకుంటూ, తల ఎత్తకుండా, “నేను లేని రోజు రాసివ్వగలను యోహిల్ద్. ఇంకో పిల్ల ఉంది, మంచిది, మన ఊరిది కాదు. నువ్వొక్క మాట చెప్పు చాలు,” అంది. అంత స్పష్టంగా, అంత మర్యాదగా, తలుపు బార్లా తీసి పక్కకు తప్పుకుని నిలబడింది. నేనేం చేశాను? నవ్వాను. “నీకేమైనా పిచ్చా మర్యున్, నీ దగ్గర నాకేం సిగ్గు,” అన్నాను. అప్పటికి ఆ మచ్చ ఉండి ఉంటే గోరంత ఉండేది, పది నిమిషాల్లో పట్టి తీసేవాళ్ళు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను.

మార్చిలో ఫ్యాక్టరీలోనే పడిపోయాను. నెత్తురు, కాని ఆ నేల మీద ఎప్పుడూ నెత్తురే, చేపలదేదో నాదేదో నా కింద పనిచేసే పిల్లలకు కాసేపు తెలియలేదు. అంబులెన్స్, సముద్రం కింది సొరంగం, ఆసుపత్రి, కళ్ళు తెరిస్తే మర్యున్. పారిపోవడానికి మెట్లు లేవు. చుట్టపుచూపుగా నెలకోసారి వచ్చే డేనిష్ డాక్టరు గొట్టం లోపలికి పంపుతూ, ఇంతకు ముందు పరీక్ష ఎప్పుడైంది అని అడిగాడు. నేను నోరు తెరిచే లోపే మర్యున్ అంది, డెన్మార్క్‌లో చేయించుకుంటుంది, కాగితాలు తెప్పించాలి అని. ఆమె చెయ్యి నా భుజం మీదుంది. ఆమెకు తెలుసు అక్కడ కాగితాలేమీ లేవని. నా అబద్ధాన్ని నాకోసం ఆమె చెప్పింది, ఎప్పుడూ అబద్ధం చెప్పని మనిషి, వెనకటి శాలువాలాగే దాన్ని కూడా తీసి నాకు కట్టింది. తెర మీద నా పేగు కనబడుతోంది, గులాబీ రంగు గోడలు, ఒకచోట తడిరాయి మీద నాచులా పరుచుకున్న ఒక మచ్చ. ఇదుగో, ఇది నాకు నచ్చలేదు అన్నాడు డాక్టరు. మర్యున్ తెరకేసి కాక నాకేసి చూసింది. నేను గోడకేసి చూశాను.

నిన్న ఈ ఊళ్ళో ఆస్గర్ బొమ్మ గీసి చెప్పాడు. వయసులో నా తమ్ముడంత ఉంటాడు, నిదానస్తుడు. మచ్చ కింద సూదితో నీలం నీళ్ళు ఎక్కిస్తాను, అది బొబ్బలా పైకి లేవాలి. లేస్తే చుట్టూ కోసి ఒకే ముక్కగా తీస్తాను. కాని మీ పేగు ఏళ్ళ తరబడి పుండు పడి మాని, పడి మాని ఉంది, పొరలు అతుక్కుపోయి ఉంటే లేవదు. లేవకపోతే ఆపేస్తాను, అప్పుడు పెద్దపేగు మొత్తం తీయించుకోవాలి, మలం పోవడానికి పొట్ట మీద సంచీ. తీసిన ముక్కలో ఏముందో కూడా చూడాలి. ఇదంతా చెప్పి, ఇంతకు ముందు పరీక్ష ఎప్పుడు అన్నాడు. నేను గొంతు సవరించుకునే లోపే సున్వా అందుకుంది, “పోయిన సెప్టెంబర్‌లో, మా దగ్గరే, నేనే తీసుకెళ్ళాను, ఏడాది కూడా తప్పదు మా అమ్మ!” అని, గర్వంగా. ఆస్గర్ తన కంప్యూటర్ చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ కంప్యూటర్ చూసి, సరే, రేపు అయ్యాక మీ ఇద్దరితోనూ కూర్చుని అంతా వివరంగా మాట్లాడదాం అన్నాడు. డాక్టర్లు రోగి గుట్టు బయటపెట్టరు, కాని ఆ చూపులో మాత్రం, మీ అమ్మాయికి మీరే చెప్పుకోండి అన్న మాట ఉంది. రాత్రి హోటల్లో చెబుదామనుకున్నాను. మందు తాగుతున్నాను కదా, తలుపు వెనక ఉన్నాను కదా అనుకున్నాను. పొద్దున టాక్సీలో చెబుదామనుకున్నాను. డ్రైవర్ ఉన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అంటారు, నిజమే, కాని చించుకోకపోతే ఇంకొకరి నెత్తిన పడబోతోంది.

“అయిపోయింది. చదవనా?” అంది సున్వా.

“ఇప్పుడెందుకే.”

“విను. ‘సంబంధిత నర్సు, డాక్టరు ఏడేళ్ళుగా చూపిన నిర్లక్ష్యం వల్ల మా అమ్మ ప్రాణం...’ ఇక్కడ ‘ప్రమాదంలో పడింది’ అనాలా, ‘మీదికి వచ్చింది’ అనాలా? నీకు నచ్చదని తెలుసు. కాని మర్యున్ ఉద్యోగం పోయినా సరే, ఇంకో అమ్మకి ఇలా కాకూడదు. నువ్వు లోపలికి వెళ్ళగానే పంపేస్తా.”

దాని కోపం నా కోసం. నా ముఖంలోకి వేడి పొంగింది, చెవులు మండిపోయాయి, ఇరవై ఆరో ఏట ఆ వలయంలో కూడా ఇంత మండలేదు. అప్పుడు నా ఒళ్ళు చేసింది, దాని మీద నాకు అదుపు లేదు. ఇది నేను చేసింది. చెప్పు, చెప్పవే, నోరు తెరువు. ఏమని మొదలుపెట్టాలి, సున్వా నేనొక పొరపాటు, పొరపాటు కాదు, పొరపాటు ఒకసారి చేస్తారు. సున్వా, ఆ రోజుల్లో నేను, ఏ రోజుల్లో, పోయిన సెప్టెంబరే. ఇది నన్ను ఎలా చూస్తుంది ఇకమీద? కారు తలుపు తీసి పట్టుకున్నప్పుడల్లా, దిండు సర్దినప్పుడల్లా, ఏమనుకుంటుంది? లోపల మచ్చ లేవకపోతే, మత్తులో ఏదైనా అయితే, ఈ అబద్ధం నాతోనే పోతుంది, నా కూతురి మనసులో నేను శుభ్రంగా ఉండిపోతాను, మర్యున్ ఒక్కతే మురికవుతుంది. ఆ ఆలోచన వచ్చి, ఒక్క క్షణం, నాకు ఊరట కలిగింది. ఊరట! అంత నీచం నాలో ఉందని నాకు తెలియదు.

తలుపు తెరుచుకుంది. నర్సు పిల్లా, మంచం తోసే నెరిసిన మీసాల మనిషీ వచ్చారు. మీ వంతు యోహిల్ద్, పదండి అన్నారు. పేరు, పుట్టిన తేదీ మళ్ళీ అడిగారు, చెప్పాను. మంచం కదిలింది. సున్వా నా చెయ్యి పట్టుకుని పక్కనే నడుస్తోంది, రెండో చేతిలో ఫోను. నడవా పొడుగు ముప్పై అడుగులుంటుందేమో. చివర లోహపు తలుపు, దానికవతల నీలం బట్టల్లో ఆస్గర్ చేతులు కడుక్కుంటున్నాడు. ఇరవై అడుగులు. పదిహేను.

“పంపకే,” అన్నాను.

“అమ్మా, ఇప్పుడు అదంతా...”

“పోయిన సెప్టెంబర్‌లో నేను వెళ్ళలేదు. కాఫీ కొట్లో కూర్చున్నాను. అంతకు ముందూ వెళ్ళలేదు. ఏడేళ్ళుగా వెళ్ళలేదు. మర్యున్ ఏ తప్పూ చెయ్యలేదు.”

మంచం చక్రం ఒకటి కీచుమంటోంది. మీసాల మనిషి పైకప్పు చూస్తూ తోస్తున్నాడు, ఫారో భాష రాదనుకుంటాను, వచ్చినా రానట్టే ఉన్నాడు.

“మందు తాగావుగా,” అంది సున్వా. “నేను విన్నాను. సాయంత్రమంతా లోపలే...”

“సింకులో పోశాను.”

“ఏడేళ్ళూ?”

“మొదటేడాది తప్ప అన్నేళ్ళూ తల్లీ.”

తిడుతుందనుకున్నాను. చెయ్యి వదిలేస్తుందనుకున్నాను. అది నడుస్తూనే ఉంది, ముఖం మాత్రం పాలిపోయింది, నా అబద్ధం విన్నదాని ముఖంలా లేదు, ఇంకేదో గుర్తొచ్చినదానిలా ఉంది. తలుపు దగ్గర మంచం ఒక్క క్షణం ఆగింది. ఇక్కడితో ఆగాలమ్మా మీరు అని నర్సు దానితో అంది.

“నేనూ వెళ్ళలేదమ్మా,” అంది సున్వా.

“ఎక్కడికి?”

“పరీక్షకి. మూడేళ్ళ కిందట మొదటి ఉత్తరం వచ్చింది, ఎనిమిదేళ్ళు నిండాయని. వెళ్ళలేదు. నీకెప్పుడూ అంతా శుభ్రమే కదా, మనది ఏం కాని రకం అనుకున్నా. నీకు మాత్రం వెళ్ళానని చెప్పాను. ఈ మధ్య మళ్ళీ...” ఆగిపోయింది. “మళ్ళీ కొంచెం నెత్తురు పడుతోంది.”

మంచం లోపలికి కదిలింది. నా చెయ్యి దానంతటదే పోయి తలుపు చట్రాన్ని పట్టుకుంది. చేపలు కోసే చెయ్యి, పట్టు గట్టిదే, మంచం అడ్డం తిరిగి గోడకు కొట్టుకుంది. చెయ్యి లోపల పెట్టుకోండమ్మా, నలుగుతుంది అన్నాడు మీసాల మనిషి. ఏమైంది యోహిల్ద్ అన్నాడు లోపలినుంచి ఆస్గర్.

“మర్యున్‌కి ఫోన్ చెయ్,” అన్నాను.

“అమ్మా, తర్వాత...”

“ఇప్పుడు చెయ్. నా ముందు చెయ్.”

“అమ్మా, అందరూ చూస్తున్నారు.”

“చూడనీ!”

అరిచాను. నడవాలో ఎదురుగా మంచం మీద ఉన్న ముసలాయన తల ఎత్తి చూశాడు. నర్సు నా వేళ్ళు విడదీయబోయి, ఎందుకో ఊరుకుంది. ఆస్గర్ తడిచేతులు పైకి ఎత్తి పట్టుకుని తలుపు దాకా వచ్చి, నన్నూ, సున్వానూ చూసి, ఒక్క నిమిషం ఆగుదాం అన్నాడు. సున్వా ఫోన్‌లో ఫిర్యాదు మూసేసి నంబరు నొక్కింది. రెండు మూడుసార్లు మోగింది. ఎత్తారు.

“మర్యున్, నేను సున్వాని, యోహిల్ద్ కూతుర్ని... లేదు, అమ్మ బాగానే ఉంది, ఇంకా లోపలికి వెళ్ళలేదు... నా గురించి. పేగు పరీక్షకి. మూడేళ్ళు దాటింది... లేదు, ఒక్కసారి కూడా చేయించుకోలేదు. నెత్తురు పడుతోంది.”

నిలబడి, అంతమంది ముందు, గట్టిగా చెప్పింది. మెడ నుంచి చెవులదాకా ఎర్రబడిపోయింది, కాని మాట మింగలేదు. అటువైపు మర్యున్ ఏమందో నాకు వినిపించలేదు, రెండు ముక్కలే అంది. సున్వా ఫోన్ కిందికి దించి నావైపు తిరిగింది.

“ఏమీ అడగలేదమ్మా,” అంది. “సోమవారం ఎనిమిదింటికి రమ్మంది.”

అప్పుడు తలుపు వదిలాను.